పరుగెత్తే పిల్లవాడికి మాట అందించడం



చీరాల నుంచి బాపట్ల వైపు బయలుదేరితే కాసేపటికే ఈపురుపాలెం వస్తుంది. 2022 ఏప్రిల్ 4న బాపట్ల జిల్లా ఏర్పడేదాకా ప్రకాశం జిల్లాలో ఉన్న ఊరు. చేనేత ఊరు. ఇప్పటికీ కొన్ని వీధుల్లో నడుస్తుంటే ఇళ్ల లోపలి నుంచి మగ్గం చప్పుడు వినిపిస్తుంది. అలాంటి ఇంట్లో ఈమధ్యే నడక వచ్చిన పిల్లవాడు ఉన్నాడనుకోండి. నాన్న మగ్గం గుంటలోకి కాళ్లు దించి నేస్తుంటాడు. అమ్మ రాట్నం దగ్గర కండెలు చుడుతుంటుంది. పని మధ్యలో ఇద్దరికీ లేవడం కుదరదు. పిల్లవాడేమో ఆసులో కండెలా ఒకచోట నిలవడు. గుమ్మంలో ఉన్నాడనుకుంటే దొడ్లో తేలతాడు. దొడ్లోకి వెళ్లి చూస్తే నాయనమ్మ మంచం కింద దూరి ఉంటాడు.

ఇలాంటి పిల్లల తల్లులు ఒక బెంగ చెప్పుకుంటారు. "బొమ్మల పుస్తకం తెరిస్తే లాక్కుని పారేస్తాడు. ఒళ్లో కూర్చోబెడితే జారిపోతాడు. వీడికి మాటలెప్పుడు నేర్పేది? పక్కింటి పాప కుదురుగా కూర్చుని అన్నీ చెబుతోంది." ఇవాళ నేను మాట్లాడబోయేది ఈ బెంగ గురించే. నేను చెప్పదలచుకున్నది ఒకటే. వాణ్ని కూర్చోబెట్టకండి. తిరగనివ్వండి. వాడు ఏ పనిలో ఉంటే ఆ పనికి తగిన మాట, ఆ క్షణంలోనే, మీరు కూర్చున్న చోటి నుంచే అందించండి.

నడక వచ్చిన పిల్లలు ఎంత తిరుగుతారో న్యూయార్క్ విశ్వవిద్యాలయంలో కారెన్ అడాల్ఫ్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త, ఆమె సహచరులు లెక్కగట్టారు. ఏడాది నుంచి పందొమ్మిది నెలల మధ్య పిల్లలు ఆడుకునేటప్పుడు సగటున గంటకు 2,368 అడుగులు వేశారు, 17 సార్లు పడ్డారు. 2012లో ఆ లెక్కలు ప్రచురించారు. మన పిల్లవాడు కాలు నిలవనివాడని మనం విసుక్కుంటాం గానీ, ఆ వయసు పని అదే. ఇంకో సంగతి కూడా ఉంది. 2014లో ఎరిక్ వాలే, జోసెఫ్ కాంపోస్ అనే ఇద్దరు పరిశోధకులు పాకే పిల్లలనూ నడిచే పిల్లలనూ పోల్చి చూశారు. వయసు లెక్క పక్కన పెట్టినా, నడక వచ్చిన పిల్లలకే ఎక్కువ మాటలు తెలుసని తేలింది. తిరగడం మాటకు అడ్డమనే మన అనుమానానికి ఇది గట్టి జవాబు.

నడక వస్తే మాట ఎందుకు పెరుగుతుంది? నడిచే పిల్లవాడికి రెండు చేతులూ ఖాళీ. దొరికింది పట్టుకుని మన దగ్గరికి మోసుకొస్తాడు. పాకేవాడు ఉన్నచోటి నుంచే వస్తువు ఎత్తి చూపిస్తే మనం "ఓహో, బాగుంది" అని ఊరుకుంటాం. నడిచేవాడు దాన్ని తెచ్చి మన ముందు పెడితే అలా ఊరుకోలేం. "మూత తియ్యి", "తాతయ్యకివ్వు", "అక్కడే పెట్టు" అని పని చెబుతాం. లానా కరాసిక్, కారెన్ అడాల్ఫ్, వారితో పనిచేసినవారు పదమూడు నెలల పిల్లల తల్లులను గమనించి 2014లో ఈ తేడానే రాశారు. పిల్లవాడు వస్తువు మోసుకొచ్చినప్పుడు తల్లి నోట పని చెప్పే మాటలు ఎక్కువ వస్తాయి.

ఈ సంగతి చదివినప్పుడు నాకు నేత ఇళ్లే గుర్తొచ్చాయి. అక్కడ పెద్దలు కూర్చుని ఉంటారు, పిల్లలు తిరుగుతుంటారు. పిల్లవాడికి పని చెప్పడానికి ఇంతకన్నా అనువైన ఇల్లు దొరకదు. "కండె తీసుకురా నాన్నా" అని అమ్మ అంటుంది. వాడు తెస్తాడు. "అమ్మకియ్యి" అంటే ఇస్తాడు. ఇచ్చినందుకు అమ్మ మొహం వెలుగుతుంది. మళ్లీ పరుగెత్తుతాడు. ఇది ఆటా, పనా అన్న తేడా వాడికి లేదు. పెద్దవాళ్ల పనిలో తనకూ చోటు దొరికిందన్న సంతోషం మాత్రం ఉంది. ఆ సంతోషంలో విన్న మాట గట్టిగా నిలుస్తుంది.

ఈ ఆటను నెలలు గడిచేకొద్దీ పెంచుకుంటూ పోవచ్చు. మొదట ఎదురుగా కనిపించే వస్తువు తెమ్మనాలి. తర్వాత కనిపించనిది. "మంచం కింద ఉంది చూడు", "తలుపు వెనక", "బుట్టలో". కింద, మీద, వెనక, లోపల అనే మాటలను బొమ్మ గీసి నేర్పడం చాలా కష్టం. మంచం కింద దూరినవాడికి కింద అంటే ఏమిటో ఒంటికే తెలుస్తుంది. ఆ తర్వాత రెండు పనులు కలిపి చెప్పండి. "కండె తీసి నాయనమ్మకిచ్చి రా." సగం దారిలో మరిచిపోయి పిల్లి వెనకాల పోతే పోనివ్వండి. ఆ తర్వాత రంగులు. ఎర్ర నూలు చుట్టిన కండె ఒకటి, పచ్చ నూలు చుట్టినది ఒకటి పక్కపక్కన పెట్టి "ఎర్రది ఇయ్యి" అనండి. పచ్చది ఇచ్చాడా? "ఇది పచ్చది. ఎర్రది అదిగో" అంటే చాలు. తప్పు చేశావని అనక్కర్లేదు. అప్పుడప్పుడు మీరే కావాలని పొరపాటు పడండి. వాడు తెచ్చిన చెంబును కండె అని పిలవండి. మాట తెలిసిన పిల్లవాడు ఊరుకోడు, దాని పేరు చెప్పి పకపకా నవ్వుతాడు.

ఇక్కడ ఒక హెచ్చరిక తప్పదు. కండె నోట్లో పెట్టుకుని పరుగెత్తనివ్వకూడదు. మగ్గం గుంట దగ్గరికి ఒంటరిగా పోనివ్వకూడదు. రంగు కలిపిన తొట్లు, నీళ్లు నిండిన బకెట్లు ఉన్నచోట క్షణం కూడా వదిలిపెట్టకూడదు. జానెడు నీళ్లు కూడా ఆ వయసు పిల్లలకు ప్రాణాంతకం.

మగ్గం లేని ఇళ్ల సంగతి? ఏ ఇంట్లోనైనా గిన్నెలుంటాయి, మూతలుంటాయి, ఉతికిన బట్టలుంటాయి. బట్టలు ఆరేసేటప్పుడు చిన్నవి వాడి చేతికివ్వండి. పిండు, దులుపు, ఆరెయ్యి, తియ్యి, మడత పెట్టు. ఎవరి చొక్కా? నాన్న చొక్కా. ఎవరి గౌను? అక్క గౌను. వేసవిలో తాటిముంజెలు తిన్నాక ఆ కాయలతో బండి చేసి ఇచ్చే పెద్దవాళ్లు మన పల్లెల్లో ఇంకా ఉన్నారు. ఆ బండి వెనక ఎన్ని మాటలున్నాయో చూడండి. లాగు, తొయ్యి, ఆపు, తిప్పు, ఊడిపోయింది, బిగించు. వాడరేవు, రామాపురం తీరాలకు ఎప్పుడైనా తీసుకెళ్తే, పొడి ఇసుక జారిపోతుందని, తడి ఇసుక ముద్దవుతుందని వాడి వేళ్లే వాడికి చెబుతాయి. మీరు మాట జతచేస్తే చాలు. అల వస్తోంది, వచ్చింది, వెళ్లిపోయింది. పీత బొరియలో దూరింది.

గమనించారా, నేను చెప్పినవాటిలో ఎక్కువ భాగం క్రియలే. మాటలు నేర్పడం అనగానే మనకు పేర్లే గుర్తొస్తాయి. కాకి, కుక్క, బంతి, బస్సు. గోడకు తగిలించే బొమ్మల పటాలన్నీ పేర్ల పటాలే. పరుగెత్తే పిల్లవాడికి వస్తువు కన్నా ముందు దానితో ఏం జరుగుతోందో కావాలి. బంతి దొర్లింది, ఎగిరింది, దొరికింది, పోయింది. తెలుగు ఈ విషయంలో పిల్లలకు ఎంతో వీలిచ్చే భాష. క్రియ వాక్యం చివర ఉంటుంది, అక్కడే చెవి ఆగుతుంది. కర్త చెప్పకపోయినా వాక్యం నిండుగానే ఉంటుంది. ఏడాదిన్నర పిల్లవాడు "పడిపోయింది" అన్నాడంటే ఒక్క మాటలో పూర్తి వాక్యం చెప్పేశాడన్నమాట. చైనాలో మాండరిన్ మాట్లాడే ఇళ్ల పిల్లలు తొలి మాటల్లోనే పేర్లతో సమానంగా క్రియలు వాడతారని ట్విలా టార్డిఫ్ అనే పరిశోధకురాలు 1996లో చూపించింది. అక్కడ కూడా వాక్యంలో కర్తను తరచుగా వదిలేస్తారు. మన ఇళ్లలో చెవి పెట్టి వింటే నాకు అదే తోస్తుంది. "రా", "పో", "దా", "ఇయ్యి", "వద్దు" చాలా ముందే వచ్చేస్తాయి. "పడింది"కీ "పడేశావు"కీ ఉన్న తేడా కూడా పిల్లవాడు తొందరగానే కనిపెడతాడు. ఒక మాట అన్నప్పుడు అమ్మ నవ్వుతుంది, రెండో మాట అన్నప్పుడు కళ్లెర్రజేస్తుంది కదా.

క్రియల పక్కనే మనకు ఇంకో సంపద ఉంది. గబగబా, చకచకా, టపటపా, జలజలా, బుడుంగున, డుబుక్కున, సర్రున. ధ్వనిలోనే పని కనిపించే ఈ మాటలను మనం లెక్కలోకి తీసుకోం. పిల్లలు ఎక్కువ ఇష్టపడేవి ఇవే. జపాను భాషలో కూడా ఇలాంటివి వందల కొద్దీ ఉన్నాయి. అక్కడ ముత్సుమి ఇమాయి, ఆమె సహచరులు చిన్నపిల్లలకు కొత్త క్రియలు నేర్పి చూసి 2008లో ఫలితం చెప్పారు. నడక తీరుకు తగ్గ ధ్వని ఉన్న మాట అయితే పిల్లలు తొందరగా పట్టుకున్నారు. అందుకే స్నానం చేయించేటప్పుడు నోరు మూసుకోవద్దు. చెంబు బుడుంగున మునిగింది. నీళ్లు బుడబుడమంటున్నాయి. జలజలా కారుతున్నాయి. నిండింది, ఒలికింది, అయిపోయింది. పిల్లవాడు చెంబు ముంచుతుంటే మీరు ఆ మాట అనాలి, ముంచిన తర్వాత కాదు. మాట అటూ ఇటూ అయితే వాడి చూపు అప్పటికే సబ్బు మీదికి వెళ్లిపోయి ఉంటుంది.

చూపు అన్నాను కదా. దీనికీ పరిశోధన ఉంది. మైకేల్ టొమాసెల్లో, మైకేల్ ఫర్రార్ 1986లో రాసిన వ్యాసంలో ఒక సంగతి తేలింది. పిల్లవాడు దేన్ని చూస్తున్నాడో దాని పేరు చెబితే బాగా నేర్చుకుంటాడు. వాడి చూపును మళ్లించి ఇంకోదాని పేరు చెబితే అంతగా నిలవదు. మనం చేసేది ఎక్కువగా ఆ రెండోదే. వాడు చీమల బారు చూస్తుంటే గడ్డం పట్టుకుని తల తిప్పి "అదిగో రైలు చూడు" అంటాం. రైలు రేపు కూడా వస్తుంది. ఇప్పుడు చీమలు.

మసాచుసెట్స్‌లోని ఎం.ఐ.టి.లో డెబ్ రాయ్ అనే శాస్త్రవేత్త తన ఇంటి పైకప్పుల్లో కెమెరాలు, మైకులు అమర్చి తన కొడుకు ఎలా పెరిగాడో, ఏ మాట ఎక్కడ విన్నాడో, ఎప్పుడు పలికాడో రికార్డు చేశాడు. దాని మీద ఆయన బృందం 2015లో ప్రచురించిన వ్యాసం నాకు చాలా నచ్చింది. ఒక మాటను ఎన్నిసార్లు విన్నాడన్నదే ముఖ్యం అనుకుంటాం కదా. అంతకన్నా బలమైన కారణం ఒకటి బయటపడింది. ఎప్పుడూ ఒకే చోట, ఒకే వేళకు, ఒకే సందర్భంలో వినిపించే మాటలను ఆ పిల్లవాడు ముందుగా పలికాడు. మన ఇళ్లలోనూ అంతే. ప్రతి మాటకూ ఒక చోటు, ఒక వేళ ఉంటాయి. రాట్నం మూలన ఉంటుంది. నాడె మగ్గం మీదే ఉంటుంది, అటు వెళ్లి ఇటు వస్తుంది. చాట ఉన్నచోట బియ్యం ఉంటాయి. నాయనమ్మ చంకనెక్కి మగ్గం చూస్తున్న పిల్లవాడికి "అటు, ఇటు" అని నాన్న పాటలా అంటుంటే, ఆ రెండు మాటలు ఆ మూలలోనే పుడతాయి. మాటకు ఇంట్లో స్థిరమైన చోటిచ్చే ఇల్లు పిల్లవాడికి చాలా మేలు చేస్తుంది.

ఆ నేత మాటల గురించి ఇంకొంచెం చెప్పాలని ఉంది. ఒంగోలులో 1928లో పుట్టిన భద్రిరాజు కృష్ణమూర్తి గారు మన వృత్తుల మాటలను జిల్లా జిల్లా నుంచి సేకరించే పెద్ద పని తలకెత్తుకున్నారు. ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ ప్రచురించిన మాండలిక వృత్తి పదకోశంలో మొదటి సంపుటం వ్యవసాయం మీద 1962లో, రెండో సంపుటం చేనేత మీద 1971లో వచ్చాయి. పడుగు, పేక, అచ్చు, పన్నె, ఆసు లాంటి మాటలు ఒక్కో జిల్లాలో ఎలా పలుకుతారో అందులో చూడవచ్చు. ఆ పుస్తకం ఉన్నందుకు మనం గర్వపడాలి. అయినా పుస్తకంలో దాచిన మాట వేరు, రెండేళ్ల పిల్ల నోట ముద్దుముద్దుగా పలికే మాట వేరు. ఈపురుపాలెంలో పిల్లలు మగ్గమే ఎక్కాలని నేను అనడం లేదు. ఆ పనిలో కూలి ఎంత తక్కువో, నడుం నొప్పి ఎంత ఎక్కువో అక్కడివాళ్లకే తెలుసు. పిల్లలు రేపు ఏ చదువు చదివినా, ఏ ఉద్యోగం చేసినా, అమ్మ చేతిలో ఉన్నదాని పేరు వాళ్లకు తెలిసి ఉండాలన్నదే నా ఆశ. తల్లిదండ్రులు కూడా ఆ మాటలు పనికిరానివనుకుని, పిల్లలకు చెప్పకుండా దాచుకోకూడదు. ఆపిల్ పటం చూపించి ఆ ఒక్క పేరూ నేర్పితే సరిపోదు. ముంజె తిన్న పిల్లకు ముంజె అనే మాట ఇవ్వండి. ఇంగ్లీషు మాటలు ఎలాగూ వస్తాయి, అవి వచ్చినప్పుడు కూర్చోవడానికి నిండైన తెలుగు వాక్యం ఒకటి ముందే సిద్ధంగా ఉండాలి.

ఇక ఫోను సంగతి. పని తెమలక ఫోను చేతికిచ్చి బువ్వ తినిపించే తల్లిని నేను తప్పుపట్టలేను. నేత ఇంట్లో పూట గడవాలంటే చేతులు ఆడుతూనే ఉండాలి. కానీ ఒక నిజం తెలుసుకోవాలి. పాట్రిషియా కూల్ అనే శాస్త్రవేత్త అమెరికాలోని సియాటిల్‌లో తొమ్మిది నెలల పిల్లలకు చైనా భాష వినిపించి చూసింది. మనిషి ఎదురుగా కూర్చుని ఆడిస్తూ మాట్లాడినప్పుడు, పన్నెండు విడతల్లో ఆ భాష ధ్వనులను పిల్లలు పట్టుకున్నారు. అవే మాటలు టీవీలో వినిపిస్తే ఏమీ పట్టుబడలేదు. 2003లో వచ్చిన ఫలితం ఇది. రేడియోలో నేను చెప్పే ఈ కబుర్లు కూడా మీకోసమే. మీ పిల్లవాడికి నా గొంతు మాట నేర్పలేదు, మీ గొంతే నేర్పాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ఇచ్చిన సూచనల ప్రకారం ఏడాది వయసు పిల్లలకు తెర చూపించకూడదు, రెండేళ్ల వయసులో గంటకు మించకూడదు. అదే సంస్థ ఆ వయసు పిల్లలు రోజుకు కనీసం 180 నిమిషాలు ఒళ్లు కదిలించాలని కూడా చెప్పింది. మన పిల్లవాడు ఆ రెండో సూచన ఎవరూ చెప్పకుండానే పాటిస్తున్నాడు.

ఇంకో అలవాటు మానుకుంటే మంచిది. ఇంటికి చుట్టం వస్తే పిల్లవాణ్ని ముందుకు తోసి "మామయ్యకు చెప్పు, ఇదేంటి? కాకి ఎలా అరుస్తుంది?" అని పరీక్ష పెడతాం. తెలిసిన మాట కూడా అప్పుడు గొంతులోనే ఆగిపోతుంది. అడగడం తగ్గించి చెప్పడం పెంచండి. వాడు "లైలు" అంటే "అవును, రైలు వస్తోంది, గేటు వేశారు" అనండి. మీరు సరిగా పలికి రెండు మాటలు చేర్చారు, వాడి తప్పు ఎత్తి చూపలేదు. బువ్వ, లాల, బజ్జో, జేజి లాంటి ముద్దుమాటలు వాడవచ్చా అని కొందరు చదువుకున్న తల్లులు అడుగుతారు. హాయిగా వాడండి. అవి చిన్న నోటికి పట్టేలా తరతరాల అమ్మమ్మలు చెక్కిన మాటలు. బువ్వ అంటూనే "అన్నం వేడిగా ఉంది, ఊదుకో" అని పక్కనే పెద్దమాట కూడా వినిపిస్తూ ఉండండి. నిన్న చెప్పిన మాట ఇవాళ మరిచాడని నిరాశ పడకండి. రెండేళ్ల పిల్లలు కొత్త పేరు వినగానే సరైన వస్తువు చూపిస్తారు, అయిదు నిమిషాలు గడిచాక అడిగితే మరిచిపోతారని జెస్సికా హార్స్ట్, లారిస్సా శామ్యూల్సన్ 2008లో రాశారు. అది ఆ వయసు తీరు. రేపు మళ్లీ కండె తెమ్మనండి.

చివరగా తల్లిదండ్రులు తప్పకుండా వినాల్సిన మాట ఒకటి. ఏడాదిన్నర దాటినా ఒక్క మాట రాకపోతే, రెండేళ్లు నిండినా "అమ్మ రా", "పాలు కావాలి" లాంటి రెండు మాటల కలయిక లేకపోతే, వెనక నుంచి పేరు పెట్టి పిలిస్తే తిరిగి చూడకపోతే, వచ్చిన మాటలు పోతుంటే, "మగపిల్లలకు మాట ఆలస్యమే, వాళ్ల నాన్నకూ అంతే" అని కూర్చోవద్దు. ముందు చెవులు పరీక్ష చేయించండి. మగ్గం చప్పుడుకు ఉలిక్కిపడుతున్నాడు కాబట్టి వినికిడి బాగానే ఉందనుకోవడం పొరపాటు. పెద్ద చప్పుడు విన్నంత మాత్రాన మెల్లని మాట వినిపిస్తుందని కాదు. మీ వీధి అంగన్‌వాడీ టీచరుకు చెప్పండి. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద పిల్లల ఎదుగుదల లోపాలను ఉచితంగా పరీక్షిస్తారు, అవసరమైతే పై ఆసుపత్రికి పంపిస్తారు. ఎంత ముందు వెళితే అంత మేలు. పరీక్ష జరుగుతున్న రోజుల్లో కూడా ఇంట్లో ఆట ఆపకండి, వాడితో మాట్లాడటం మానకండి.